ఇంజన్ అతిగా వేడెక్కడం – సిలిండర్ లోపలి నష్టాన్ని నివారించడం

7.1 పరిచయం

నాలుగు స్ట్రోకుల డీజిల్ ఇంజన్ పనిచేసే తీరును, దాని ముఖ్య భాగాలను గత భాగంలో తెలుసుకొన్నారు. ఆ ఇంజన్ మితిమీరి వేడెక్కితే సిలిండర్ లోపల ఏయే భాగాలు ఎలా దెబ్బతింటాయో, ఆ నష్టాన్ని ఎక్కడ ఆపవచ్చో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఉదాహరణగా నీటితో చల్లబడే ట్రాక్టర్ ఇంజన్‌ను తీసుకొంటున్నాం. మీలో చాలామందికి అది ఇంట్లోనో, పక్క పొలంలోనో కనిపించే యంత్రమే. పైగా వేడి విషయంలో ట్రాక్టర్‌కు ఉన్నంత కష్టం కారుకు ఉండదు. రోడ్డు మీద పోయే కారుకు ఎదురుగాలి సాయం చేస్తుంది. కేజ్ వీల్స్ తగిలించుకొని మడిలో దమ్ము చేసే ట్రాక్టర్ మనిషి నడిచే వేగంతో కదులుతుంది, ఇంజన్ మాత్రం దాదాపు పూర్తి శక్తితో గంటల తరబడి తిరుగుతుంది. అప్పుడు పుట్టే వేడిని ఫ్యాన్, రేడియేటర్, నీళ్ళు కలిసి బయటికి పంపాలి. ఎదురుగాలి సాయం ఉండదు.

నాట్ల రోజుల్లో ఇంజన్ పట్టేసిందనుకోండి. హెడ్ విప్పి, లైనర్లు, పిస్టన్లు తెప్పించి, తిరిగి బిగించేసరికి అదను దాటిపోతుంది. వాయిదాలు కట్టుకొంటూ ట్రాక్టర్‌ను కిరాయికి తిప్పేవారికి ఆ నష్టం రిపేరు ఖర్చుతో ఆగదు.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోండి. డ్రైవర్ ముందున్న సూది చూపేది నీటి ఉష్ణోగ్రతను మాత్రమే. సిలిండర్ గోడ, పిస్టన్ తల ఎంత వేడిగా ఉన్నాయో దానికి తెలియదు. నీటి వేడి వేరు, లోహం వేడి వేరు. తర్వాత వచ్చే జాగ్రత్తల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది. (ఈ భాగంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఇచ్చాం.)

7.2 వేడి ఎంత, ఎక్కడికి పోతుంది?

ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 36 మెగాజౌళ్ళ ఉష్ణశక్తి వెలువడుతుంది. మన ట్రాక్టర్ దమ్ములో గంటకు 6 లీటర్లు తాగుతుందని అనుకుందాం. గంటకు 216 మెగాజౌళ్ళు, అంటే సెకనుకు 60 కిలోజౌళ్ళు. దీన్నే 60 కిలోవాట్లు అంటాం. ఇందులో స్థూలంగా మూడో వంతు పనిగా మారి క్రాంక్ షాఫ్ట్‌కు చేరుతుంది. ఇంచుమించు అంతే వేడి పొగతో బయటికి పోతుంది. మిగిలినదానిలో పెద్ద వాటా సిలిండర్ చుట్టూ తిరిగే నీటిలోకి వస్తుంది. నీటి వాటాను నాలుగో వంతుగా తీసుకొంటే అది 15 కిలోవాట్లు. స్నానానికి నీళ్ళు కాచుకొనే 1.5 కిలోవాట్ల హీటర్ కడ్డీలు పదింటిని ఒకేసారి ముంచి ఉంచినట్లు ఊహించుకోండి.

ఇప్పుడు ఫ్యాన్ బెల్టు తెగిందనుకుందాం. రేడియేటర్ గుండా గాలి రాదు, నీళ్ళు తిరగవు. ఇంజన్‌లో 8 లీటర్ల నీళ్ళు ఉన్నాయి. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి కాబట్టి, 80 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరడానికి 8 × 4.2 × 20 = 672 కిలోజౌళ్ళు చాలు. సెకనుకు 15 చొప్పున వస్తున్నాయి కనుక దీనికి పట్టే కాలం 45 సెకన్లు! ఆ తరువాత నీరు ఆవిరవుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2257 కిలోజౌళ్ళు కావాలి. ఈ లెక్కన 8 లీటర్లూ ఇరవై నిమిషాల్లో ఆవిరైపోతాయి. లోహం పీల్చుకొనే వేడిని మనం లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి కాగడానికి నిజంగా పట్టే సమయం కొంత ఎక్కువ. కానీ కాగడం మొదలైన నీరు ఆవిరయ్యేదాకా ఆగదు. పొంగి, మూత పక్క గొట్టం నుంచి చిమ్ముకుపోతుంది. "ఈ సాలు పూర్తి చేసి చూద్దాం" అనుకొనే వ్యవధి డ్రైవర్‌కు ఎందుకు ఉండదో ఈ లెక్క చెబుతుంది.

రేడియేటర్ మూత గురించి ఇక్కడే చెప్పుకోవాలి. అది ఉత్త బిరడా కాదు, స్ప్రింగు ఉన్న పీడన వాల్వు. బయటి వాతావరణం కంటే 0.5 బార్ అదనపు పీడనం నిలిపే మూత ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల దాకా మరగదు. 0.9 బార్ మూత ఉంటే దాదాపు 118 డిగ్రీలు. మూత రబ్బరు ఎండి పగిలితే ఈ అదనపు రక్షణ పోతుంది. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది. ఇదే లెక్క తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 110 డిగ్రీల దగ్గర, మరగకుండా నిశ్చలంగా ఉన్న నీటి మీద మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోయి, అందులో కొంత నీరు క్షణంలో ఆవిరై మిగతా నీటిని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పొలాల్లో జరిగే కాలిన గాయాలకు ఇదొక కారణం.

7.3 సిలిండర్ లోపల జరిగేది

మండే వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ చేసిన అల్యూమినియం మిశ్రలోహం 600 డిగ్రీల దగ్గర్లోనే కరిగిపోతుంది. అయినా పిస్టన్ కరగడం లేదు. ఎందుకు? మంట ఉండేది ప్రతి చక్రంలో కొద్దిసేపే. పిస్టన్‌కు తగిలిన వేడి రింగుల ద్వారా, పల్చని నూనె పొర ద్వారా లైనర్‌లోకి, అక్కడి నుంచి నీటిలోకి నిరంతరం జారుకొంటూ ఉంటుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా లోహం వేడి పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది నూనె పొర. వేడి పెరిగేకొద్దీ నూనె పల్చబడుతుందని వంటింట్లోనే చూసి ఉంటారు. లైనర్ మీది నూనె మరీ పల్చబడితే రింగుకు, గోడకు మధ్య నిలబడలేదు. లోహం లోహాన్ని నేరుగా రాసుకొంటుంది. రాపిడి వల్ల మరింత వేడి, ఆ వేడికి నూనె మరింత పల్చన. ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకొంటూ పోతాయి.

రెండో సంగతి వ్యాకోచం. పిస్టన్ అల్యూమినియంది, లైనర్ పోత ఇనుముది. డిగ్రీకి, మీటరుకు పిస్టన్ మిశ్రలోహం సుమారు 20 మైక్రోమీటర్లు పెరిగితే పోత ఇనుము 11 మాత్రమే పెరుగుతుంది. 100 మి.మీ. వ్యాసమున్న పిస్టన్, దాని లైనర్ రెండూ మామూలు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాయనుకోండి. పిస్టన్ 0.20 మి.మీ., లైనర్ 0.11 మి.మీ. పెరుగుతాయి. మధ్యలోని ఖాళీ 0.09 మి.మీ. తగ్గుతుంది. అసలు ఆ ఖాళీ ఉండేదే మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలో (మీ ఇంజన్‌కు సరైన కొలత దాని మాన్యువల్‌లో ఉంటుంది). ఇక నూనెకు చోటెక్కడ? నిజానికి పిస్టన్ లైనర్ కంటే ఎక్కువగా వేడెక్కుతుంది కాబట్టి పరిస్థితి ఈ లెక్క కంటే అధ్వానం. పిస్టన్ పక్కలు గోడకు ఒరుసుకొని, అల్యూమినియం తునకలు లైనర్‌కు అంటుకొని, నిలువు గీతలు పడతాయి. డ్రైవర్‌కు ఇంజన్ ఒక్కసారిగా బరువెక్కినట్లు, శక్తి పడిపోయినట్లు అనిపిస్తుంది. ఆ దశ దాటితే పిస్టన్ పట్టేసి ఇంజన్ ఆగిపోతుంది. దీన్నే 'సీజ్' అంటున్నాం.

పట్టేయకపోయినా నష్టం ఉంటుంది. పై రింగు గాడి దగ్గర వేడి సుమారు 250 డిగ్రీలు దాటితే అక్కడి నూనె మాడి, మసిగా గట్టిపడి రింగును గాడిలో బిగించేస్తుంది. కదలని రింగు వాయువులను ఆపలేదు. అవి కిందికి జారి సంప్‌లోని నూనెను పాడుచేస్తాయి. తడి లైనర్లు ఉన్న ఇంజన్‌లో, అంటే నీళ్ళు లైనర్‌ను నేరుగా తాకే ఇంజన్‌లో, లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులు అతివేడికి గట్టిపడి నీటిని సంప్‌లోకి వదులుతాయి. ఇక సిలిండర్ హెడ్. అది బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి వేడెక్కినప్పుడు స్వేచ్ఛగా సాగలేక వంకరపోతుంది. గాస్కెట్ మీద ఒత్తిడి సమంగా ఉండదు, ఎక్కడో ఒకచోట కాలిపోతుంది. రెండు వాల్వుల మధ్య ఉన్న సన్నని లోహపు వంతెన హెడ్‌లో అన్నిటికంటే బలహీనమైన చోటు. పగుళ్ళు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) ఇంజన్ వేడెక్కినప్పుడు పిస్టన్‌కు, లైనర్‌కు మధ్య ఖాళీ పెరగకుండా ఎందుకు తగ్గుతుంది?
ఆ) పిస్టన్ వ్యాసం 110 మి.మీ., రెండు భాగాల ఉష్ణోగ్రతా 80 డిగ్రీలు పెరిగితే ఖాళీ ఎంత తగ్గుతుంది? (సమాధానం: సుమారు 0.08 మి.మీ.)

7.4 నీళ్ళు వేడిని ఎందుకు మోయలేకపోతాయి?

అతి మామూలు కారణం రేడియేటర్ ముందు పేరుకొన్న చెత్త. నూర్పిడి జరిగేచోట, గడ్డి కట్టలు కట్టేటప్పుడు పొట్టు, గడ్డిపరకలు జాలీకి అడ్డుపడతాయి. ట్రాక్టర్ ఫ్యాన్ గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది కాబట్టి శుభ్రం చేసేటప్పుడు గాలిని ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త మరింత లోపలికి పోయి ఇరుక్కుంటుంది. వాటర్ సర్వీసింగ్‌లో జోరుగా నీళ్ళు కొడితే పల్చని రెక్కలు వంగి గాలికి దారి మూసుకుపోతుంది. దీనికి ఖర్చేమీ లేదు, అందుకేనేమో అందరూ మరిచిపోయే పని కూడా ఇదే.

ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే మామూలుగా 10 నుంచి 15 మి.మీ. వంగాలి. చాలా ట్రాక్టర్లలో ఒకే బెల్టు ఫ్యాన్‌ను, వాటర్ పంపును, బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది. కాబట్టి పని మధ్యలో ఛార్జింగ్ దీపం వెలిగితే దాన్ని కరెంటు సమస్య అనుకొని వదిలేయకండి. బెల్టు తెగి ఉండవచ్చు. సూది కదలకముందే మీకు అందే హెచ్చరిక అది.

ఇక నీటి నాణ్యత. రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్ళలో రేడియేటర్‌లో పోసేది బోరు నీళ్ళే. ఆ నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి గోడల మీద తెల్లని పొరగా పేరుకొంటాయి. ఇంట్లో హీటర్ కడ్డీ మీద గీకితే రాలే సున్నపు పొర ఇదే. ఇది ఉష్ణాన్ని ఇనుము కంటే పాతిక రెట్లో, అంతకంటే ఎక్కువగానో తక్కువ ప్రసరింపజేస్తుంది. అంటే లైనర్ బయటి గోడకు ఒక మిల్లీమీటరు పొర పట్టిందంటే, వేడి దాటాల్సిన గోడకు మరో రెండున్నర సెంటీమీటర్ల ఇనుము అతికించినట్లే. ఇక్కడ మొదట్లో చెప్పిన తేడాను గుర్తు తెచ్చుకోండి. పొర అవతల ఉన్న నీరు మామూలు వేడితోనే ఉంటుంది, సూది పచ్చ భాగంలోనే ఉంటుంది. పొర ఇవతల లోహం కాగిపోతూ ఉంటుంది.

అందుకే కంపెనీ సూచించిన కూలెంట్‌ను స్వేదన జలంతో కలిపి వాడమంటారు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ సగానికి సగం కలిస్తే మామూలు పీడనం వద్ద మరిగే స్థానం 107 డిగ్రీల దాకా పెరుగుతుంది. "మన దగ్గర మంచు కురవదు, కూలెంట్ ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. దానిలోని తుప్పు నిరోధకాల కోసమైనా అది అవసరం. పిస్టన్ పక్క మార్చినప్పుడల్లా లైనర్ కొట్టుకొంటూ కంపిస్తుంది. ఆ కంపనానికి లైనర్ బయట నీటిలో చిన్న చిన్న బుడగలు పుట్టి, ఠక్కున కూలిపోతూ లోహాన్ని సూది గుచ్చినట్లు తొలుస్తాయి. ఏళ్ళు గడిస్తే తడి లైనర్‌కు చిల్లి పడి నీరు సిలిండర్‌లోకి వస్తుంది. సరైన కూలెంట్‌లోని రసాయనాలు లోహం మీద రక్షణ పొర ఏర్పరచి దీన్ని చాలావరకు ఆపుతాయి. ఒక జాగ్రత్త: ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. మార్చేటప్పుడు తీసిన పాత కూలెంట్‌ను పిల్లలకు, పశువులకు, కుక్కలకు అందేలా వదలకండి.

థర్మోస్టాట్ విషయంలో మీరు వినే సలహా ఒకటుంది: "అది తీసి పారేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది." ఈ సలహా తప్పు. నీరు సుమారు 80 డిగ్రీలకు చేరేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచడం దాని పని. చాలా ఇంజన్లలో అది తెరుచుకొన్నప్పుడు, నీరు రేడియేటర్‌కు వెళ్ళకుండా తిరిగి పంపుకు చేరే అడ్డదారిని మూస్తుంది కూడా. దాన్ని తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీటిలో కొంత భాగం చల్లబడకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. బరువు పనిలో ఇంజన్ మరింత వేడెక్కవచ్చు. తేలిక పనిలో మరీ చల్లగా ఉండి, మంట నుంచి వచ్చే తేమ, గంధక ఆమ్లాలు లైనర్ మీద చేరి దాన్ని తినేస్తాయి. పాడైతే కొత్తది వేయండి. దాన్ని వేడి నీళ్ళ గిన్నెలో వేసి, తెరుచుకొంటుందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు.

7.5 సూది మామూలుగా ఉన్నా జరిగే నష్టం

నాజిల్ చెడి, డీజిల్ తుంపరగా కాక చుక్కలుగా, ధారగా పడితే మంట పిస్టన్ తల మీద ఒకేచోట తగిలి దాన్ని తినేస్తుంది. నీళ్ళకు ఆ సంగతే తెలియదు. శక్తి పెంచడానికి డీజిల్ పంపు స్క్రూ తిప్పించుకొన్న ట్రాక్టర్లదీ ఇదే కథ. నల్ల పొగ, కాగిపోయే పొగ గొట్టం, వాటితోపాటు పిస్టన్‌కు అదనపు వేడి. ఆ శక్తి పైసా ఖర్చు లేకుండా వచ్చినట్లు కనిపిస్తుంది, కానీ దాన్ని చెల్లించేది లైనరూ రింగులూ.

అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటి. నీటిలో మునిగి ఉంటేనే సెన్సార్ సరిగా చదువుతుంది. గొట్టం పగిలి నీళ్ళన్నీ పోతే సెన్సార్ చుట్టూ గాలి, ఆవిరి మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఎర్ర గీత మీదున్న సూది కిందికి దిగిపోవచ్చు. డ్రైవర్ "హమ్మయ్య, చల్లబడింది" అనుకొంటాడు. అసలైతే ఇంజన్‌ను ఆ క్షణంలోనే ఆపాలి.

7.6 సూది ఎర్ర గీత దాటినప్పుడు

ఇంజన్‌ను వెంటనే ఆపాలా, కాసేపు నడపాలా? దీనికి రెండు జవాబులు ఉన్నాయి, ఏది వర్తిస్తుందో నీళ్ళు తిరుగుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

బెల్టు తిరుగుతూ, ఆవిరి ఎక్కడా రాకుండా, సూది మాత్రమే పైకి పోతుంటే బరువు తీసేయండి. రోటవేటర్ లేపి, పీటీవో విడదీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఐడిల్ కంటే కాస్త ఎక్కువ వేగంలో రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. ఫ్యాన్, పంపు పనిచేస్తూ లోహంలోని వేడిని లాగేస్తాయి. ఈ స్థితిలో ఠక్కున ఆపితే పంపు ఆగుతుంది, కానీ హెడ్‌లో, పిస్టన్లలో ఉన్న వేడి ఆగదు. అది కదలని నీటిలోకి దిగి అక్కడే మరిగిస్తుంది. సూది దిగకపోతే అప్పుడు ఆపండి.

బెల్టు తెగినా, ఛార్జింగ్ దీపం వెలిగినా, ఆవిరి చిమ్ముతున్నా, నూనె పీడనం దీపం వెలిగినా, సూది పైనుంచి హఠాత్తుగా పడిపోయినా ఒక్క నిమిషం కూడా నడపకూడదు. నీళ్ళు లేని ఇంజన్‌ను 'చల్లబడేదాకా' నడపడం అంటే మంటను కొనసాగించడమే.

ఆపాక కనీసం అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. కాలువ పక్కనే ఉంటుంది, బిందె చేతిలో ఉంటుంది, తొందర ఉంటుంది. అయినా వేడి ఇంజన్ మీదగానీ, ఖాళీ అయిన రేడియేటర్‌లోగానీ చన్నీళ్ళు పోయకండి. కాగిన పోత ఇనుము ఒకవైపు హఠాత్తుగా ముడుచుకొని, రెండోవైపు సాగే ఉంటుంది. ఆ లాగుడుకు హెడ్ పగులుతుంది. వేడి గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసినట్లే. పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక, మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొదటి గాటు దాకా తిప్పి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక తీయండి. తరువాత నీళ్ళను సన్నని ధారగా, కొద్దికొద్దిగా పోయాలి.

పట్టేసిన ఇంజన్‌ను ఇంకో ట్రాక్టర్‌తో లాగించి తిప్పే ప్రయత్నం చేయవద్దు. చల్లబడితే పిస్టన్ ముడుచుకొని తనంతట తానే వదులు కావచ్చు. ఇక్కడే చాలామంది మోసపోతారు. "తిరుగుతోంది కదా, ఏమీ కాలేదు" అని మళ్ళీ దమ్ములోకి దింపుతారు. లైనర్ మీద పడిన గీతలు ఎక్కడికీ పోవు.

7.7 తిరిగి స్టార్ట్ చేసే ముందు

మొదట నూనె పుల్ల తీసి చూడండి. నూనె మట్టం పెరిగినా, పాలు కలిసిన టీ రంగులోకి మారినా నీళ్ళు సంప్‌లోకి చేరాయని అర్థం. ఆ నూనెతో ఒక్క క్షణం కూడా తిప్పకూడదు. బేరింగులు పోతాయి.

గాస్కెట్ కాలిందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్ళు చేరి ఉంటే, గాలిలా అవి కుదించుకుపోవు. పైకి వచ్చే పిస్టన్ వాటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గాస్కెట్‌తో పోయే ఖర్చు రాడ్డు, బ్లాకు దాకా పాకుతుంది. నాజిళ్ళు విప్పి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఏ రంధ్రం నుంచి నీళ్ళు వస్తాయో ఆ సిలిండర్‌లోనే లోపం. నీళ్ళు రాకపోతే నాజిళ్ళు బిగించి, చల్లని ఇంజన్‌ను మూత తీసే స్టార్ట్ చేసి రేడియేటర్‌లోకి చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే మంట వాయువులు నీటిలోకి దూరుతున్నాయి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ తక్కువగా ఉంటే ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలి ఉంటుంది. పొగ నీలంగా ఉండి, నూనె పోసే మూత దగ్గర వాయువులు జోరుగా తన్నుతుంటే అనుమానం రింగుల మీదికి వెళ్ళాలి.

హెడ్ విప్పాల్సి వస్తే కొత్త గాస్కెట్ వేసి మూసేయకుండా, దాని అడుగు సమతలంగా ఉందో లేదో స్టీలు బద్ద, ఫీలర్ గేజ్‌లతో చూడమని మెకానిక్‌ను అడగండి. వంకర ఉన్న హెడ్ కింద కొత్త గాస్కెట్ ఎక్కువ కాలం నిలవదు. లైనర్ లోపల వేలిగోరు నడపండి. గోరుకు తగిలే గీతలు ఉంటే రింగులు మాత్రమే మార్చడం డబ్బు దండగ, లైనర్, పిస్టన్ రెండూ మార్చాలి. బోల్టులను మధ్య నుంచి అంచులకు, మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుతో, రెండు మూడు విడతలుగా బిగించాలి. పైకి ఏ లోపమూ కనిపించకపోయినా, వేడికి కాగిన నూనెను, ఫిల్టర్‌ను మార్చేయండి. కొత్త రింగులు వేసిన ఇంజన్‌ను మాన్యువల్ చెప్పినన్ని గంటలు తేలిక పనిలో నడిపించాకే దమ్ములోకి దింపండి.